రత్నగంధికి రెక్సిన్ సీటు

సూదిబాబాయి బస్సు వెనక సీటు కింద వెల్లకిలా పడుకుని, దారం కొస పళ్ల మధ్య పట్టుకుని, చినిగిన రెక్సిన్‌ని లాగి లాగి కుడుతున్నాడు. కుట్టడాల్లో ఆయనకి వచ్చింది ఈ ఒక్కటే. చీమలా కుట్టడం రాదు, తేలులా కుట్టడం రాదు, ఎదుటివాడు బాగుపడితే కళ్లు కుట్టడం అసలే రాదు.

బస్సు డిపోలో ఓ మూల రేకుల షెడ్డు ఆయనది. కొబ్బరిపీచు ఓ గుట్ట, స్పాంజి ఓ గుట్ట, చుట్టలు చుట్టిన రెక్సిన్ ఓ గోడ పొడుగునా, వాటన్నిటి మీదా జిగురు వాసన. ఊళ్లోవాళ్లందరి వెనకవైపు సుఖం ఈయన చేతుల్లో ఉన్నా, ఈయన్ని ముందుకు పిలిచినవాళ్లు లేరు. బక్కపలచని మనిషి. సూదిని నెట్టీ నెట్టీ చూపుడువేలు కొక్కెంలా వంగిపోయింది. అరచేతికి తోలుముక్క కట్టుకున్నా, దాని కింద ఏడాది పొడుగునా కాయలు కాస్తూనే ఉంటాయి. కాయడం ఆయన వంతు. పూయడం షెడ్డు పక్కనున్న రత్నగంధి పొద వంతు.

ఆ వంతే ఇప్పుడు ఆగిపోయింది.

గుప్పెడు గింజల్ని వర్క్‌షాపులో సానరాయికి, పైతోలు కాస్త తెల్లబడేదాకా అరగదీసి, టీ గ్లాసులో నానబెట్టి ఆయనే నాటాడు. మొలిచింది ఒక్కటే. అదీ చింతాకులాంటి ఆకులతో, ఒళ్లంతా ముళ్లతో. మూడో వేసవికి మండిపోతున్నట్టు పూసింది. ఎర్రటి రేకులకి పసుపు అంచు, మధ్యలోంచి పిల్లి మీసాల్లా పొడుగ్గా కేసరాలు. డ్రైవర్లు బస్సు దిగి మరీ చూసేవాళ్లు. పూత అయ్యాక ఏటా రెక్సిన్ కత్తెరతో దాన్ని మోకాలెత్తుకి కత్తిరించేవాడు. మళ్లీ చిగిర్చి మళ్లీ పూసేది. అలాంటిది రెండేళ్లుగా ఒక్క పువ్వు లేదు. ఆకు మాత్రం పొదంతా నిండి, కొమ్మలు ఎడాపెడా పెరిగి షెడ్డు కిటికీలోకి తల పెట్టాయి.

మేనేజరు చెడ్డవాడేం కాదు. జనరేటర్ గదికి చోటు వెతుకుతూ వచ్చి ఆ పొద దగ్గర ఆగాడు.

"పూస్తే పూలచెట్టు బాబాయ్, పూయకపోతే ముళ్లకంప. వానలు పడేలోపు ఒక్క పువ్వు చూపించు, గది అవతలికి జరుపుతాను. లేకపోతే నన్ను తిట్టుకోకు."

"సరే సార్," అన్నాడు సూదిబాబాయి.

ఆయన జీవితమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఈ ఉద్యోగం మొదట వాళ్లన్నయ్యకి వచ్చింది. జిగురు వాసన పడదని అన్నయ్య "నువ్వెళ్తావా?" అంటే సరే అన్నాడు. పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు అడిగితే సరే అన్నాడు. "నా బదులు బీరువాని కూచోబెట్టినా సరే అనేవారు," అని ఆయన భార్య ఇప్పటికీ అంటుంది. డిపోలో ఎవరికి సెలవు కావాలన్నా ఈయన పండగపూట సూది పట్టుకుంటాడు. ఇంటికెళ్లే బస్సులో ఎవరో ఒకరు "కాస్త చోటిస్తారా" అంటారు. ఊరందరికీ సీట్లు కుట్టినవాడు ఊరి చివరిదాకా కమ్మీ పట్టుకుని నిలబడతాడు. "వద్దు" అనే మాట ఆయన నోట విన్నవాళ్లు లేరు.

ఆ పొద్దున ఆ బస్సు సరిగ్గా పొద పక్కన ఆగి ఉంది. సీటు కింద పడుకున్న ఆయనకి, తెరిచిన తలుపులోంచి నేల మీదివన్నీ కనిపిస్తున్నాయి. ముందు రెండు కాళ్లు వచ్చాయి. రబ్బరు చెప్పులు, తడిసిన చీర అంచు. క్యాంటీనక్క. అటూ ఇటూ చూసి, బక్కెట్టుడు బియ్యం కడిగిన నీళ్లు పొద మొదట్లో గుమ్మరించి గబగబా వెళ్లిపోయింది.

కాసేపటికి నూనె మరకల బూట్లు వచ్చాయి. మెకానిక్కు. డిపోలో అందరూ గ్రీజు అంటారు, పెళ్లాం కూడా అంతే. జేబులోంచి తెల్ల గుళికలు తీసి, కూరలో ఉప్పు వేసినట్టు చల్లాడు. బావమరిది దగ్గర అరువు తెచ్చిన ఎరువు.

ఆ వెనకే పాత డ్రైవరు, చంకలో గోనెసంచీతో. అందులో ఏముందో చూడక్కర్లేకపోయింది. వాసన ముందే వచ్చింది.

సూదిబాబాయి దారం పళ్ల మధ్యే పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు. బయటికొస్తే వాళ్లు సిగ్గుపడతారని ఆయన బాధ. రెండేళ్ల కిందట, కత్తిరించాక చిగురు ఆలస్యమైనప్పుడు, క్యాంటీన్లో టీ తాగుతూ "పాపం, దానికేం తక్కువైందో" అన్నాడు. ఆ మాట పట్టుకుని ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు మేపుతున్నారన్నమాట.

మధ్యాహ్నం భార్య అన్నం క్యారేజీ తెచ్చింది. చూసినదంతా చెప్పాడు. ఆవిడ పొద చుట్టూ ఒకసారి తిరిగి, షెడ్డు కిటికీలో విత్తనానికని దాచిన ఎండుకాయ ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది.

"చిక్కుడుకాయకి అక్కలా లేదూ? ఈ జాతి బీదనేలలోనే తన తిండి తను వెతుక్కుంటుందండీ. మేడమీద డబ్బాలో చిక్కుడికి నేను ప్రేమ ఎక్కువై ఎరువేస్తే ఏమైంది?"

"పందిరంతా ఆకు."

"కాయ?"

"లేదు."

"కూర్చున్నచోటికే మూడుపూటలా తిండొస్తుంటే పూయడానికి దానికేం ఖర్మ? వాళ్లని మానేయమనండి."

"ఎలాగే? ప్రేమగా పోస్తున్నారు."

"మీరు చెప్పరు. నాకు తెలుసు. కాపరం చేస్తున్నాగా," అని ఆవిడ క్యారేజీ మూతపెట్టి లేచింది. వెళ్తూ వెనక్కి తిరిగి, "ముఖం కాస్త పాలిపోయినట్టుంది. సాయంత్రం తొందరగా రండి," అంది.

"సరే," అన్నాడు.

చెప్పడం రానివాడు కుట్టడం మొదలుపెట్టాడు. ముందు పొద చుట్టూ పైమట్టిని, అందులోని పేడనీ గుళికల్నీ చెంచాతో చెక్కి బయట పారబోశాడు. ముల్లు గుచ్చుకుంది. "జీవితమంతా కుట్టినవాణ్ణి నువ్వు కుడతావా," అని వేలు చప్పరించాడు. తర్వాత తుక్కు రెక్సిన్ ముందేసుకున్నాడు. ఊరి బస్సుల ఆకుపచ్చ ముక్క, దూరం బస్సుల నీలం ముక్క, ఎప్పుడో మూలపడ్డ బస్సుల గోధుమరంగు ముక్క. మూడూ కలిపి బండిచక్రమంత గుండ్రంగా కత్తిరించి, నడుమ కాండానికి చిల్లు, చిల్లు దాకా ఓ చీలిక, చీలికకి రెండువైపులా ఇత్తడి కన్నాలు, వాటిలో తాడు. గాలాడ్డానికి సన్నటి బెజ్జాలు. అంచుకి, మంచి సీటుకి కుట్టినట్టే, తాడు లోపల పెట్టి గోటు కుట్టాడు. అది చెట్టు మొదట్లో పరిచి, నీళ్లు పోస్తే బయటికి జారేలా నడుమ ఎత్తుచేసి, తాడు బిగించాడు. మధ్యమధ్య ఆగి ఎడమ భుజం నొక్కుకున్నాడు. సీటు కింద పడుకుంటే పట్టేసిందనుకున్నాడు.

సాయంత్రం క్యాంటీనక్క బక్కెట్టుతో వచ్చి ఆగిపోయింది. ఈసారి ఆయన ఎదురుగానే ఉన్నాడు.

"ఇదేంటి బాబాయ్, చెట్టుకి గౌను కుట్టావా?"

"గౌను కాదమ్మా, సీటు."

"బాగానే ఉంది. మరి నేను... అంటే, ఎవరైనా నీళ్లు పోయాలంటే ఎక్కడ పోస్తారు?"

మాటలు విని గ్రీజు వచ్చాడు, వెనకే డ్రైవరు వచ్చాడు. సూదిబాబాయి ముగ్గుర్నీ చూశాడు. మెడ మీద చెమట పట్టింది.

"వద్దు," అన్నాడు.

"ఏం వద్దు?"

"ఏమీ వద్దు. నీ కడుగునీళ్లు వద్దు, వీడి గుళికలు వద్దు, ఆయన పేడ వద్దు."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నువ్వూనా?" అంది అక్క గ్రీజుతో.

"నువ్వు పోస్తున్నావని నాకేం తెలుసు? పైగా నేనొక్కణ్ణే పెంచుతున్నాననుకుంటున్నా!"

డ్రైవరు మాత్రం గోనెసంచీని వీపు వెనక దాచాడు.

అక్క నవ్వలేదు. "రెండేళ్లు నా చేత్తో పోశాను బాబాయ్. ఒక్కమాట ముందే చెప్తే పోయేదిగా."

"నీ చెయ్యి మంచిదేనమ్మా. దానికి ఆకలే వేయట్లేదు. కొన్నాళ్లు ఆకలి వేయనీ."

ఆవిడ బక్కెట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది. పిలుద్దామని ఆయన ఒక అడుగు వేశాడు. పిలిస్తే, పోసుకోమ్మా అనేస్తానని తనకే తెలుసు. ఆగిపోయాడు. అప్పటికే పొద్దు వాలి, రత్నగంధి ఆకులు ఒక్కొక్క జతా ముడుచుకుంటున్నాయి. షెడ్డు తాళం వేశాడు.

బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. కూర్చున్నాడు. తన కుట్టే, చేత్తో తడిమి పోల్చుకున్నాడు. రెండు స్టాపులయ్యాక సంచులతో ఒకాయన ఎక్కి, "కాస్త చోటిస్తారా?" అన్నాడు. సూదిబాబాయి కళ్లు మూసుకునే, మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. ఆ పెద్దమనిషి గొణుక్కుంటూ వెనక్కి వెళ్లాడు.

ఊరి చివర బస్సు ఖాళీ అయ్యింది. కండక్టరు వచ్చి, "బాబాయ్, దిగాలి," అన్నాడు. భుజం మీద చెయ్యేశాడు. తర్వాత డ్రైవర్ని ఇంజను ఆపమన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు. బాధపడి ఉండడన్నారు. ఇంట్లో ఆవిడ, తొందరగా వస్తానన్నాడుగా అని గుమ్మంలోనే నిలబడి ఉంది.

సీట్లు ఇప్పుడు బయట కుట్టిస్తున్నారు. షెడ్డులో టైర్లు పెట్టారు. రెక్సిన్ తాడు విప్పడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. క్యాంటీనక్క పొద్దున్నే బక్కెట్టుతో పొద దాకా వెళ్లేది, కాసేపు నిలబడి, తిరిగొచ్చి కాలవలో పారబోసేది. ఎండలు ముదిరాక ఆకు సగం రాలింది. గ్రీజు చచ్చిపోతుందని గోలపెట్టాడు, జేబులో చెయ్యి కూడా పెట్టాడు. "బాబాయి వద్దన్నాడు," అంది అక్క. చెయ్యి బయటికి తీశాడు.

మొదటి వానకి ముందు, చిటారుకొమ్మన మొగ్గల గెల ఒకటి లేచింది. ఆ వారంలోనే పొదంతా పూలతో అంటుకుంది. మేనేజరు వచ్చి చూసి, జనరేటర్ గదికని సున్నంతో గీసిన గీతని బూటుతో చెరిపి అవతల గీయమన్నాడు.

కింద ఆకుపచ్చ, నీలం, గోధుమరంగు ముక్కల గుండ్రటి సీటు మీద ఎర్రరేకులు రాలి ఉన్నాయి. దాని గోటు కుట్టు ఇంకా ఎక్కడా సడలలేదు.