నెత్తి మీద అరచెయ్యి

పొద్దున చాయ్ గ్లాసు చేతికి రాగానే సీతాబాయి నెమరు మొదలుపెడుతుంది. తల్లి పేరు, అత్తగారి పేరు, పెళ్లినాడు కట్టిన చీర రంగు, కొడుకు దినేష్ మొదటిసారి అడుగులేసిన వాకిలి. ఒక్కొక్కటీ పెదవుల మీదికి తెచ్చుకుని, తడిమి చూసుకుని, మళ్లీ లోపల పెట్టుకుంటుంది. పుప్పాలగూడ ఫ్లాట్ బాల్కనీలో ఆమె పెదవులు కదులుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ పలకరించరు.

నెమరు తప్పిన సంగతి ఆమె దగ్గర నిలవదు మరి. సాయంత్రంలోగా జారిపోయి, ఆ వేళకు ఆమెను ఆనుకుని ఎవరు కూర్చుంటే వాళ్లలోకి చేరుతుంది. కోడలు ప్రవీణకు బతుకమ్మ పాటలన్నీ అట్లా వచ్చినవే. డ్రైవర్ మహేందర్ ఒకసారి ఆమె పక్కన దవాఖాన బెంచీ మీద కూర్చుని లేచేసరికి సర్వపిండి అద్దడం వచ్చేసింది. అప్పటినుంచీ వాళ్లింట్లో అతనే అద్దుతాడు.

"అమ్మా, జర మా ఇంటామె పక్కన సుత ఒక్క పూట కూసోరాదు. నా వేళ్లు కాలుతున్నయ్" అని నవ్వుతుంటాడు.

పక్కన ఎవరూ లేనప్పుడు జారినవి మాత్రం ఎటూ చేరవు. అట్లా ఏమేం పోయాయో సీతాబాయికే తెలియదు. ఆ భయంతోనే ఆమె ఎప్పుడూ మనుషుల మధ్య కూర్చుంటుంది.

నెమరులో ఆఖరున వచ్చేది అన్న ఐలయ్య. అతనిది ఒక్క ఫొటో కూడా లేదు. ఉన్నదల్లా శేరిలింగంపల్లి గుట్ట కింద ఇద్దరూ గోనెకర్రతో చిన్న చిర్రపుల్లను ఎగరగొడుతూ చిర్రగోనె ఆడిన ఒక ఎండాకాలం. ఆడపిల్ల చేతికి గోనె ఎందుకని అమ్మ కేకలేస్తే, "అది కొడ్తది, నువ్వు సూడు" అని పెద్దకర్ర చెల్లెలికి అందించినవాడు. ఆమె బెదురుగా దిక్కులు చూస్తే నెత్తి మీద అరచెయ్యి పెట్టి, "చిర్ర ఏడబోతదో నేను సూస్త. నువ్వు కొట్టు" అనేవాడు. ఆ వానాకాలమే జ్వరమొచ్చి పోయాడు. ఇప్పుడు ఆ గుట్ట కూడా లేదు, గాజు మేడలు లేచాయి. ఐలయ్య మిగిలింది ఆమె పొద్దుటి నెమరులోనే.

మనవరాలు జ్యోత్స్న తొమ్మిదో తరగతి. ఒకసారి తండ్రి వెంట ఆఫీసువాళ్ల గోల్ఫ్ ఆటకు వెళ్లి ఆ కర్ర పట్టుకున్నది, ఇక వదల్లేదు. ఒక్కటే చిక్కు. బంతికి కర్ర తగలకముందే తల ఎత్తేస్తుంది. బంతి లేవకుండా గడ్డిలో దొర్లిపోతుంది. దినేష్ కోచ్‌లను మార్చాడు. ఒకాయన ఫోన్‌లో వీడియో తీసి దాని మీద ఎర్రగీతలు గీశాడు. ఇంకొకాయన మోకాళ్లు, మణికట్లు అంటూ చెప్పీ చెప్పీ పిల్ల మామూలు నడకనే పాడుచేశాడు. మరొకాయన "తల ఎత్తకు" అని అరిచేవాడు. అరిచినప్పుడల్లా ఎత్తేది.

చివరికి పుణ్యవతి గారి దగ్గరికి తీసుకెళ్లారు. పెద్ద పోటీలు ఆడి మానేసిన మనిషి, కొద్దిమందినే చేర్చుకుంటుంది. కాసేపు చూసి అడిగింది.

"ఎందుకమ్మా తల ఎత్తుతున్నావు?"

"బంతి ఎటు పోతుందోనని, మేడమ్."

"కొట్టకముందేనా?"

జ్యోత్స్న తల వంచుకుంది. "తప్పు పోతుందేమోనని."

పుణ్యవతి దినేష్ వైపు తిరిగింది. "కొట్టడం నేను నేర్పగలనండి. ఈ భయం తీయడం నాకు రాదు. ఆదివారం ఇంకొక్కసారి తీసుకురండి. తల నిలిచిందా, నా దగ్గరే ఉంటుంది. లేదంటే మాన్పించేయండి, పిల్లను ఏడిపించొద్దు."

ఇంటికి వచ్చాక జ్యోత్స్న సోఫాలో నాయనమ్మ ఎదురుగా కూలబడింది. "ఆదివారం కూడా కాకపోతే ఆ కర్రలు ఎవరికైనా ఇచ్చేయండి, నాన్నా" అంది. గొంతు మామూలుగానే ఉంది. కానీ ఒడిలో చేతులు రెండూ లేని కర్రను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అది సీతాబాయి ఒక్కతే చూసింది.

ఆదివారం పొద్దున చాయ్ వచ్చింది. తల్లి పేరు, అత్తగారి పేరు, చీర రంగు, వాకిలి అన్నీ అయ్యాయి. ఐలయ్య పెదవి అంచుదాకా వచ్చాడు. సీతాబాయి నోరు మూసుకుంది. మళ్లీ తెరవబోయింది, మళ్లీ మూసుకుంది. చాయ్ మీద మీగడ కట్టింది.

"అయ్యిందా అత్తమ్మా?" లోపలినుంచి ప్రవీణ అడిగింది.

"అయ్యింది బిడ్డా" అని లేచి చల్లటి చాయ్ సింకులో పారబోసింది.

సాయంత్రం అందరికన్నా ముందు చెప్పులేసుకుని నిలబడింది. "నేను సుత వస్త."

"ఎండలో నీకెందుకు నాయనమ్మా?"

"నీ పక్కన కూసుంట. గంతే."

మహేందర్ అలవాటుగా ముందు డోర్ తీశాడు. సీతాబాయి వెనక కూర్చుని మనవరాలి చెయ్యి పట్టుకుంది. అతను అద్దంలో ఒక్కసారి చూసి బండి తీశాడు.

గడ్డి మైదానం అంచున బెంచీ మీద ఇద్దరూ ఆనుకుని కూర్చున్నారు. సీతాబాయి మనవరాలితో ఏదో చెప్పబోయింది. ఏమిటో గుర్తురాలేదు. నాలుక మీద బెల్లం ముక్క కరిగిపోయి, తీపి మాత్రం కాసేపు మిగిలినట్టయింది. తర్వాత అదీ లేదు. పక్కన జ్యోత్స్న ఉలిక్కిపడి తన నెత్తి తడుముకుంది.

పిలుపు వచ్చింది. పిల్ల వెళ్లి నిలబడింది, కర్ర ఎత్తింది, కొట్టింది. బంతి తుమ్మల మీదుగా, దూరపు గాజు మేడలవైపు లేచిపోయింది. అందరూ దాన్నే చూశారు. జ్యోత్స్న మాత్రం కాళ్ల ముందు బంతి లేని చోటునే చూస్తూ ఉంది.

"ఎటు పోయిందో చూశావా?" పుణ్యవతి అడిగింది.

"లేదు మేడమ్. అన్న సూస్తడు."

"మంచిదేగా. మంగళవారం నుంచి రా. ఆ అన్ననూ తీసుకురా, మాకు బంతులు వెతికే పని తప్పుతుంది" అని పుణ్యవతి ఇంకో పిల్లవైపు వెళ్లిపోయింది.

దినేష్ ఫోన్ తీసి ప్రవీణకు చెప్పడంలో పడ్డాడు. సీతాబాయి మనవరాలిని ఒళ్లోకి లాక్కుంది. ఒక్కగానొక్క పిల్ల, ఇదేం మాటని నవ్వొచ్చింది.

"నీకు అన్న ఏడున్నడే?"

జ్యోత్స్న నవ్వబోయి ఆగిపోయింది. నాయనమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. ఆమె భుజంలో మొహం దాచుకుంది.

మర్నాడు పొద్దున సీతాబాయి నెమరు ముగించి గ్లాసు కింద పెట్టింది. స్కూల్ బ్యాగుతో జ్యోత్స్న వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంకొకటుంది నాయనమ్మా. శేరిలింగంపల్లి గుట్ట కింద ఒక అన్న, ఒక చెల్లె ఉండేటోళ్లు."

"ఎట్లాంటోడు? మంచోడా?"

"అమ్మ వద్దన్నా చెల్లె చేతికి గోనె ఇచ్చిండు."

"గట్లనా!" సీతాబాయి ముందుకు జరిగింది. "పేరేంది ఆయనది?"

జ్యోత్స్న నాయనమ్మ నెత్తి మీద అరచెయ్యి పెట్టి, పేరు చెప్పింది.