తెర మీద నరికినవాడు

ఉరమదు, కురవదు, మబ్బు మాత్రం పొద్దుటినుంచీ కొండ మెడ పట్టుకుని నులుముతోంది, నులమనీ, అనుకుంటూ ఎలీయేజరు గొడ్డలిని భుజం మార్చుకున్నాడు, వెనక పైడమ్మ అడుగులు, చచ్చిపోయిన తమ్ముడు మార్కు పెళ్లాం, నిన్నటిదాకా మూడేళ్లు తలెత్తి మాట్లాడని మనిషి ఇవాళ గొడ్డలి తనే నూరి చేతికిచ్చి, నడు బావా, బేగి నడు, గాసిగాడు పోడుకి ఎల్లిపోతాడు, అంది, గాసి అంటే వాగు అవతలివాడు, పోడు హద్దు దగ్గర మార్కును ఒక్క వేటుకి పడగొట్టినవాడు, అప్పట్లో మన్యమంతా పితూరీ, పోలీసుల తుపాకులకి వేరే పని ఉంది, ఒక కొండవాణ్ణి ఇంకో కొండవాడు నరికితే ఎవడికి పట్టింది,

ఆ రోజే తను నరకవలసింది, నరకలేదు, పుస్తకం చదివినవాడు కదా, మిషను బడిలో పాస్టరుగారు బహుమానమిచ్చిన పుస్తకం, నీలం అట్ట, చెదలు తిన్న మూల, ఎక్కడో మంచుదేశపు ముసలి గొర్రెలకాపరి, అతని కొడుకుని చంపినవాడు తుపానులో దారి తప్పి అతని గుమ్మానికే వస్తాడు, ముసలివాడు గొడ్డలి కింద పెట్టి లోపలికి రమ్మంటాడు, చదువుతుంటే ఆ ముసలివాడికి తన తాత ముఖమే ఉండేది, గొంగడి కూడా తాతదే, మంచు లంబసింగి మంచే, గడ్డి మీద పేరుకుని అరికాలు కొరికేది, మార్కును పూడ్చిన నాడు పైడమ్మ చేతిలో కత్తి లాక్కుని ఆ కథే చెప్పాడు, ఆ తర్వాత ఊరంతటికీ చెప్పాడు,

నిన్న చీకటి పడ్డాక సంతలో, విశాఖపట్నం నుంచి బండి మీద వచ్చిన బయస్కోపువాడు రెండు పనసచెట్ల మధ్య తెల్లగుడ్డ కట్టి, కథ ఇదీ అని అరుస్తుంటే, అది తన పుస్తకమేనని తెలిసి ఊరందరినీ తనే తోలుకుపోయాడు, చూస్తే తాత లేడు, గొంగడి లేదు, బొత్తాల కోటు తొడుక్కున్న పడుచుదొర, వాడి మంచు ఉప్పు పోసినట్టుంది, ఎవరి కాలూ కొరకదు, తలుపు తీశాడు, ఇప్పుడు గొడ్డలి కింద పెడతాడు చూడండి, అని తను ముందే చెప్పేశాడు, పెట్టలేదు, ఎత్తి దించాడు, మళ్లీ ఎత్తాడు, చప్పుడు లేదు, నెత్తురు సిరాలా నల్లగా ఉంది, జనం ఈలలు వేశారు, పైడమ్మ మాత్రం తెరకేసి కాక తనకేసి చూసింది, నరికినాడు కదా బావా, పుస్తకంలో అలా లేదే, వీళ్లెవరో మార్చేశారు, అని తను, జరక్కపోతే ఎలా అగుపడతాది, అని ఆమె, నీది ఇన్న కత, నాది సూసిన కత, ఊరి పెద్ద కూడా తల ఊపాడు, ఆ ఊరి తీర్పుల్లో చూసినవాడి మాట ముందు విన్నవాడి మాట నిలవదు, నీ పిరికితనానికి కత తొడిగినావు బావా, అంది, తెర మీద ఆ గొడ్డలి దిగినప్పుడు తన పిడికిలి కూడా బిగిసింది, ఒళ్లంతా హాయిగా అయింది, ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటాడు,

గాసి వాకిట్లో కూర్చుని ఉన్నాడు, పారిపోలేదు, నాను కూడా సూసినాను అన్నా, ఎనకాల కూకున్నాను, పొద్దున్న ఒస్తావనుకున్నాను, అమ్మని నోపలికి పంపనీ, అన్నాడు, పొయ్యి దగ్గర్నుంచి వాళ్లమ్మ సోములమ్మ, నాను ఎల్లను, సూసిందే కదా మీకు నిజం, నన్నూ సూడనీండి, అంది, గొడ్డలి లేచింది, గాసి మెడ మీద నరం కొట్టుకుంటోంది, మార్కుకి ఇక్కడే తెగింది, సగం తెగి వేలాడే తలను అరచేత్తో ఎత్తిపట్టి వాగు దాటించాడు తను, ఆ తెర మీద పడినవాణ్ణి ఎవరు మోశారు, దొర నరగ్గానే పూలతోట వచ్చేసింది, పెళ్లి వచ్చేసింది, శవం ఏమైంది, వీణ్ణి ఈ ముసలిదేనా మోసేది, ఎత్తిన చేతులు అక్కడే ఆగిపోయాయి, పైడమ్మ గొడ్డలి లాక్కుంది, ఊపింది, గాసి చెవి పక్కనుంచి గుంజ మీద పడింది, కుండల మీద, సొరపాదు మీద, నా మగడు, నా మగడు, అంటూ, అడ్డొచ్చిన పుంజు మీద పడింది, తల ఎగిరిపోయి మొండెం రెక్కలు కొట్టుకుంటూ తిరిగింది, ఎర్రటి వెచ్చటి నెత్తురు ఆమె మొహం నిండా చిమ్మింది, మార్కుని కడిగిన రోజు ఆమె చేతులకి ఇదే వాసన, గొడ్డలి జారిపోయింది,

సోములమ్మ వచ్చి పుంజును కాళ్లు పట్టి ఎత్తింది, ఒకరి వాకిట్లో ఇంకొకరు కోసినదాన్ని రెండిళ్లూ కలిసి తినాలి, పారేస్తే మనిషి ప్రాణంతో తీరాలి, తాతలనాటి కట్టు, కూకో గుంటా, మొగం కడుక్కో, ఏటలా సూస్తావు, ఈకలు నానొక్కర్తినే పీకాలా, అని కసిరింది, పైడమ్మ కూర్చుంది, ఎలీయేజరు చేతులు ఇంకా వణుకుతున్నాయి, ముసలివాడు గొడ్డలి కింద పెట్టాడు, పుస్తకంలో అది ఒక్క వాక్యం, చెప్పినప్పుడల్లా ఎంత తేలిగ్గా చెప్పేవాడు, ఆ ముసలివాడి చేతులు ఇలా వణికాయని రాయలేదు, బొమ్మ తీసినవాళ్లూ తియ్యలేదు, మూడేళ్లూ తను రోజూ మనసులో గాసిని నరుకుతూనే ఉన్నాడు, తెర మీద ఉన్నది తనే, గొడ్డలి చేతిలోంచి పోయింది ఇవాళే,

అడ్డాకుల్లో సామన్నం, కోడికూర వడ్డించింది సోములమ్మ, నలుగురూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు, పైడమ్మ గాసినే చూస్తూ ఎముక కొరుకుతున్న చప్పుడు ఒక్కటే.