బుస్సుమని పోయేది ఎక్కడికి?

ఎర్ర గొట్టం తుడవడం అయిపోయింది. నీలం గొట్టం సగంలో ఉంది. పసుపుది ఇంకా నా ఒడిలోనే చుట్టుకుని పడి ఉంది. నాన్న పని నుంచి రాగానే ఈ మూడింటినీ, వాటికున్న రెండు ఒత్తిడి మీటర్లనూ తుడిచి మేకుకు తగిలించడం రోజూ నా వంతు. గోళ్లలోకి పోయిన నూనె జిడ్డు అమ్మ చేసే సబ్బుకు తప్ప దేనికీ లొంగదు.

నాన్నను వీధిలో అందరూ చలిమామ అంటారు. ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేస్తాడు. అమ్మ సబ్బులు చేసి అమ్ముతుంది. వంటింటి పక్కగదిలో ఒక గోడ వెంట నాన్న పంపులు, సిలిండర్లు ఉంటాయి. ఎదురుగోడ అమ్మది: నూనె డబ్బాలు, సబ్బు అచ్చులు, ఒక్క గ్రాము తేడా వచ్చినా చూపించే తూకం. ఆ తూకం మీద ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. గ్యాసు ఎక్కడ కారుతోందో చూడటానికి నాన్నకు సబ్బునురగ కావాలి గనుక, అడిగినప్పుడల్లా అమ్మ గిన్నెలో పోసిస్తుంది. "నా నురగే లేకపోతే మీకు పనెక్కడిది?" అని కూడా అంటుంది.

నాన్న చెప్పులు విప్పుతూ అన్నాడు. "రేపు పొద్దున్నే బేకరీ అత్తయ్య దగ్గరికి పోవాలి. కేకులు పెట్టే అద్దాల ఫ్రిజ్జు మొండికేసింది. ఉన్న గ్యాసంతా వదిలేసి, గొట్టం మార్చి, కొత్త గ్యాసు ఎక్కించాలి."

గ్యాసు వదిలేయడమంటే ఏమిటో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నాన్న వాల్వు తిప్పుతాడు. బుస్సుమని చప్పుడు వస్తుంది. చూసేవాళ్లు రెండడుగులు వెనక్కి వేస్తారు. నాన్న తల ఒక పక్కకు వంచి విని, ఎంత గ్యాసు మిగిలిందో చెవితోనే చెప్పేస్తాడు. ఆ చప్పుడు వింటే తప్ప పని మొదలైనట్టు కాదు ఆయనకు. ఆయన గురువు అలాగే చేశాడు, ఈయన దగ్గర నేర్చుకున్నవాళ్లూ అలాగే చేస్తున్నారు.

పోయిన వారం మెకానిక్కులకు ఒక శిక్షణ పెట్టారు. "నాకు కొత్తగా నేర్పేదెవరు?" అంటూ నాన్న నన్ను పంపాడు. అక్కడి నుంచి నేను రెండు తెచ్చాను. ఒకటి పాత గ్యాసు పట్టుకోమని ఇచ్చిన చిన్న ఖాళీ సిలిండరు, బూడిదరంగు ఒళ్లు, పసుపు తల. రెండోది ఒక ప్రశ్న. సిలిండరును అమ్మ వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది. ప్రశ్న ఇన్నాళ్లూ నా దగ్గరే ఉంది.

"నాన్నా, ఆ వదిలేసిన గ్యాసు ఎటు పోతుంది?"

"ఎటు పోతుందేమిటి? గాల్లో కలిసిపోతుంది."

"కలిసిపోయాక?"

నాన్న నీళ్ల చెంబు దించాడు. "శిక్షణలో ఏం చెప్పారో అది చెప్పు తల్లీ. నన్నెందుకు చుట్టూ తిప్పుతావు?"

విన్నది విన్నట్టు చెప్పాను. పొద్దంతా ఎండకు కాగిన నేల ఆ వేడిని పైకి వదులుతుందనీ, మామూలు గాలి దానికి దారి ఇస్తుందనీ, ఈ గ్యాసు మాత్రం పట్టుకుని కొంత మళ్లీ కిందికే పంపుతుందనీ. బండ్లూ ఫ్యాక్టరీలూ వదిలే బొగ్గుపులుసు వాయువు చేసేదీ అదేననీ, అది కొండలకొద్దీ పోతోంది గనుక అసలు వాటా దానిదేననీ. కానీ బరువుకు బరువు చూస్తే నాన్న వదిలేది దానికంటే వెయ్యి రెట్లకు పైగా గట్టిదనీ.

అమ్మ నూనె కలపడం ఆపింది. "అంటే వీధి ఉడికిపోతున్నది మీ నాన్న వల్లనా?" అంది నవ్వుతూ.

నాన్న నవ్వలేదు. "నా జుట్టు ఈ పనిలోనే నెరిసింది. ఎండాకాలంలో నన్ను చూస్తే జనం ప్రాణం లేచొచ్చినట్టు చూస్తారు. ఊరిని చల్లబరిచినవాణ్ణి పట్టుకుని వేడెక్కించావంటే ఎలా? ఒక ఫ్రిజ్జులో ఉండేదే చిటికెడు."

"చిటికెడంటే ఎంత?"

"ఎవడు తూచాడు?"

ముగ్గురం ఒకేసారి తూకం వైపు చూశాం. "చేతులు కడుక్కుని ముట్టుకోండి" అంది అమ్మ.

వెనక వరండాలో పక్కింటివాళ్లు పారేయమని ఇచ్చిన పాత ఫ్రిజ్జు ఉంది. అందులో ఉన్నదీ, బేకరీ ఫ్రిజ్జులో ఉన్నదీ ఒకే రకం గ్యాసు. కానీ తూచాలంటే ముందు దాన్ని సిలిండర్లోకి పట్టాలి. పట్టడం ఎలా? దానికో యంత్రం ఉంటుందట, శిక్షణలో చూపించారు. మా దగ్గర లేదు.

"గ్యాసు దానంతటది సిలిండర్లోకి పోదా నాన్నా?"

"సోమరిపోతు అది. ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికి చేరి పడుకుంటుంది, అంతే." ఆ మాట అని ఆయనే ఆగిపోయాడు. తర్వాత అమ్మతో, "బకెట్టు ఇటివ్వు. ఐసు ఎంతుంది?" అన్నాడు.

ఆయన ముఖంలో కోపం పోయి, విప్పదీసిన కంప్రెసరు ముందు కూర్చున్నప్పటి చూపు వచ్చింది. తలుపుకు అడ్డంగా ఉన్న సిలిండరు తెచ్చి, లోపలి గాలిని పంపుతో లాగేశాడు. ఖాళీగా ఒకసారి తూచి, ఐసునీళ్ల బకెట్టులో నిలబెట్టాడు. ఫ్రిజ్జు గొట్టానికి వాల్వు బిగించి, నేను తుడిచిన పసుపు గొట్టాన్ని రెండింటికీ కలిపాడు. అమ్మ అడక్కుండానే నురగ తెచ్చి బిగింపుల మీద రాసింది. ఎక్కడా బుడగ లేవలేదు. నాన్న రెండు వాల్వులూ తెరిచాడు.

బుస్సుమని రాలేదు. ఏ చప్పుడూ లేదు. నాన్న చెవి దగ్గరపెట్టి విన్నాడు. "పని చెయ్యట్లేదు" అన్నాడు. కానీ మీటరులో ముల్లు మెల్లగా దిగుతోంది, గ్యాసు ఫ్రిజ్జును వదులుతోంది. ఫ్రిజ్జు గొట్టానికి అమ్మ వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టింది. ముల్లు ఇంకాస్త దిగింది.

ఐసు కరిగేదాకా అక్కడే కూర్చున్నాం. ఆ మధ్యలో అమ్మ అడిగింది. "మెకానిక్కులు కానివాళ్లు చేయడానికేమీ లేదా? మేమంతా చూస్తూ కూర్చోవాలా?"

"ఉంది. ఏసీని వణుకు పుట్టేంత తిప్పకుండా ఉండటం, దుమ్ము పట్టే దాని జాలీ కడగటం, ఫ్రిజ్జును గోడకు అంటించకుండా జరపటం. కరెంటు తక్కువ కాలితే దానికోసం కాల్చే బొగ్గు తగ్గుతుంది. దగ్గరి పనికి నడిచిపోవటం. బాగయ్యే వస్తువును పారేయకపోవటం" అన్నాను.

"ఇవన్నీ తెలిసినవేగా."

"తెలియనిది ఒకటుంది. మెకానిక్కు వచ్చినప్పుడు, పాత గ్యాసు ఎక్కడ పెడతావయ్యా అని అడగాలట. అడిగేవాళ్లు లేకే వదిలేస్తున్నారని చెప్పింది మాకు నేర్పినావిడ."

అమ్మ లేచి వెళ్లి మా ఫ్రిజ్జును గోడ నుంచి జానెడు ముందుకు లాగింది. వెనక దుమ్ములో నా చిన్నప్పటి దువ్వెన దొరికింది.

సిలిండరును బకెట్టులోంచి తీసి తుడిచాను. "నీళ్ల బరువు కలుస్తుంది, మళ్లీ తుడువు" అన్నాడు నాన్న. మళ్లీ తుడిచాను. తృప్తి కలగక, తన తువ్వాలుతో తనే తుడిచి, వాల్వు సందుల్లోని తడి కూడా ఒత్తి తీశాడు. ఓడిపోవడమే ఇష్టం లేదో, తప్పు లెక్క ఇష్టం లేదో తెలియలేదు. తూకం మీద పెట్టాడు.

ఇంతకు ముందు కంటే ఎనభై గ్రాములు ఎక్కువ. అమ్మ చేసే సబ్బు ఒకటి అంతే ఉంటుంది.

"చూశావా, ఒక సబ్బుబిళ్ల" అన్నాడు నాన్న.

"ఈ సబ్బుబిళ్ల గాల్లోకి పోతే, మన మోపెడ్ రోజూ తిరిగే తిరుగుడు రెండు నెలలకు పైగా తిరిగినట్టు నాన్నా."

ఆయన గుమ్మం బయటున్న మోపెడ్‌ను చూశాడు. ఆ తర్వాత మేకుకున్న గొట్టాలను చూశాడు. ఇన్నేళ్లలో విన్న చప్పుళ్లన్నీ ఎన్ని సబ్బుబిళ్లలవుతాయో లెక్కవేస్తున్నాడేమో. అమ్మ తూకాన్ని తుడిచి తన గోడవైపు పెట్టుకుంది. సిలిండరును తీసుకెళ్లి తలుపుకు అడ్డం పెట్టింది.

అన్నం తినేటప్పుడు నాన్న ఒకే మాట అన్నాడు. "బేకరీ అత్తయ్య అంతసేపు ఊరుకోదు. కేకులు కరిగిపోతున్నాయని నెత్తిన కూర్చుంటుంది. మామూలుగా చేసుకుపోవడమే."

పొద్దున నేను లేచేసరికి నాన్న సంచి సర్దుతున్నాడు. గొట్టాలు మేకు మీద లేవు. నీళ్లు తాగుదామని ఫ్రిజ్జు తెరిస్తే రాత్రి అమ్మ మళ్లీ నింపిపెట్టిన ఐసు తట్టలు ఖాళీగా ఉన్నాయి.

"ఏమండోయ్, నూనె తూచాలి, నా తూకం ఏదీ?" అని అమ్మ గదిలోంచి కేక వేసింది.

అప్పుడే గాలి వచ్చింది. వంటింటి తలుపు ధన్‌మని కొట్టుకుంది. దాని కింద అడ్డం ఏమీ లేదు.

నేను గుమ్మంలోకి వెళ్లాను. మోపెడ్ వెనక కట్టిన బకెట్టు మీద అమ్మ పాత దుప్పటి కప్పి ఉంది. సంచి నోట్లోంచి తూకం అంచు కనిపిస్తోంది. నాన్న నన్ను చూశాడు, చూడనట్టు అద్దం సరిచేసుకున్నాడు, మోపెడ్ స్టార్టు చేసి వెళ్లిపోయాడు.