మూడో పేజీలో ఉన్న ఊరు

క్రేన్ ఆపరేటర్‌కు ఎల్లుండి విమానం. పరాయి దేశంలో వంతెన పని, రెండేళ్ల ఒప్పందం. ఇక్కడి యార్డులో ఉద్యోగం కిందటి వారమే మానేశాడు. ఆ దేశం వెళ్లేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెచ్చరికను, జిరాక్స్ షాపులో పనిచేసే మరదలు ఆరు పేజీలు ప్రింటు తీసి తెచ్చింది. అతను మొదటి పేజీ చూసి మంచం మీద పడేశాడు. పెద్ద అక్షరాల్లో ఒక అంకె కనబడితే మనిషికి అంతా చదివేసినట్టే ఉంటుంది.

"ప్రమాదం నాలుగింటిలో రెండో స్థాయట. ఒళ్లు దగ్గర పెట్టుకొని తిరగమన్నారు. మన సందులో కుక్కలున్నాయి, ఆ మాత్రం జాగ్రత్త ఇక్కడా కావాలి."

"మిగతా అయిదు పేజీలూ పొయ్యిలోకా బావా?"

"మీ షాపులో కాగితం ఎక్కువైందేమో అనుకున్నా."

బట్టలు మడతపెడుతున్న భార్య నవ్వింది. మరదలు నవ్వలేదు.

"నీ క్రేన్ ఎంత ఎత్తుతుంది?"

"యాభై టన్నులు. ఆ పొడుగు చెయ్యి లేదూ, బూమ్, దాని మీద ఇంతింత అక్షరాలతో రాసే ఉంటుందిగా."

"అయితే బూమ్ మొత్తం చాపి యాభై ఎత్తెయ్."

"ఎత్తితే బోర్లా పడుద్ది. చాపేకొద్దీ బరువు తగ్గాలి. ఎంత దూరానికి ఎంతో క్యాబిన్లో పట్టిక అతికించి ఉంటుంది. అది చదవకుండా పైనున్న అంకె చూసి ఎత్తేవాడు ఆపరేటరా, గాడి..." అని ఆగాడు.

"ఆగారేం? పూర్తి చెయ్యండి," అంది భార్య.

అతను కాగితాలు తీశాడు. మూడో పేజీలో ఉంది: ఉత్తర సరిహద్దుకు నలభై కిలోమీటర్ల లోపు నాలుగో స్థాయి. వెళ్లవద్దు. ఆపద వస్తే మా అధికారులు అక్కడికి చేరుకోలేరు.

ఉద్యోగపు ఉత్తరం మీద ఉన్నది రాజధానిలో కంపెనీ ఆఫీసు చిరునామా. వంతెన ఎక్కడో అందులో లేదు. ఈ పని కుదిర్చిన ఏజెంటుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"దేశం రెండో స్థాయేనండీ, ఏం భయం లేదు."

"దేశం సంగతి కాదు. వంతెన సరిహద్దుకి ఎంత దూరం?"

"క్యాంపు చుట్టూ కాపలా ఉందండీ."

"అడిగింది దూరం."

"ఓ ఇరవై అయిదు... ముప్ఫై లోపే."

"వెళ్లొద్దన్న చోట బీమా పనిచేస్తుందా?"

"శుభమా అని బయల్దేరుతూ ఆ మాటలెందుకండీ?"

"చేస్తుందా, చెయ్యదా?"

"చెయ్యదు."

"రాజధానిలో పనుంటే చెప్పండి, ఎల్లుండే ఎక్కుతా."

"అక్కడ ఖాళీల్లేవు. మీరు కాకపోతే వెనక పదిమంది ఉన్నారు."

"ఆ పదిమందికీ మూడో పేజీ చూపించండి," అని పెట్టేశాడు.

 తర్వాత పాత ఉద్యోగం కోసం యార్డు మేనేజరుకు ఫోన్ చేశాడు. తన సీట్లో సోమవారం నుంచే ఇంకొకడు కూర్చుంటున్నాడట.

"సరేనండీ. ఎవరైనా సెలవు పెడితే నన్ను పిలవండి. ఊళ్లోనే ఉంటా," అన్నాడు.