ఏడో అంతస్తు లిఫ్టు

ఆరో అంతస్తు మలుపులో అతను ఎడమ భుజం గోడకు ఆనించి, కుడికాలు ముందు దించాడు. వీపు మీద పెద్దమ్మ ఉంది. మడతపెట్టిన దుప్పటి ఆవిడ తొడల కిందుగా వచ్చి అతని ఛాతీ మీద ముడిపడింది. గోదాములో బస్తాలు మోసే మనిషికి బరువు కొత్త కాదు. కాకపోతే బస్తాలు కబుర్లు చెప్పవు.

"మెల్లిగా దిగు నాయనా, రైలేం వెళ్ళిపోదు," అంది పెద్దమ్మ.

ఆవిడ అతనికి చుట్టం కాదు, ఎదురింట్లో ఒంటరిగా ఉంటుంది. మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. లిఫ్టు చెడిపోయి ఎండాకాలం, వానాకాలం రెండూ దాటాయి. మొదట్లో అందరికీ పౌరుషం పొడుచుకొచ్చింది. నడవలేనివాళ్ళను మనమే దించుదాం, మనమే ఎక్కిద్దాం అని ఫోన్లో గ్రూపు పెట్టి వంతులు వేసుకున్నారు. కండలు పెంచిన కుర్రాడు రెండోసారికే మోకాలు పట్టుకు కూర్చున్నాడు. బ్యాంకు గుమాస్తా ఇల్లు మారిపోయాడు. మిగిలినవాళ్ళు ఇప్పుడు గ్రూపులో దండం పెట్టే బొమ్మలు పంపుతున్నారు. లిఫ్టు సంగతి అడగబోతే కాలనీ ఆఫీసులో, "మీ బ్లాకువాళ్ళు మీరే చక్కగా చూసుకుంటున్నారుగా!" అని మెచ్చుకుని పంపారు. పిల్లలైతే అతనికి లిఫ్టు అనే పేరే ఖాయం చేశారు.

అతని వెన్నులో పూస జారి నెల దాటింది. ఇక బరువు ఎత్తొద్దన్నాడు డాక్టరు. మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడి, బస్తాల మూతులు కుట్టే పనికి మారాడు. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే పెద్దమ్మ ఏడో అంతస్తులోనే ఉండిపోతుంది. ఉండిపోతే బతకదు.

"ఇవాళైనా చెప్పెయ్. రేపు నువ్వు మంచాన పడితే నిన్నెవరు దించుతారు?" అంది భార్య పొద్దున.

పెద్దమ్మను ఆటో ఎక్కించి పనికి వెళ్ళాడు. సాయంత్రం వస్తూ కింద అంతస్తు నుంచి ఒక్కో తలుపూ తట్టాడు.

"ఒక్క నెల మొయ్యండి. నా నడుం బాగయ్యేదాకా."

"అయ్యో అన్నా, నీలా మాకెక్కడ చేతనవుతుంది?"

అందరూ ఆ మాటే అన్నారు, ప్రేమగానే అన్నారు. మెట్ల మీద కూర్చుని ఏడుద్దామనుకున్నాడు. కూర్చుంటే మళ్ళీ లేవలేనని నిలబడే ఉన్నాడు. అంతలో ఆసుపత్రి నుంచి పెద్దమ్మ ఆటో వచ్చింది.

నాలుగో అంతస్తులో, అలసిన వాళ్ళ కోసం వేసిన కుర్చీ దగ్గర పెద్దమ్మ దించమంది.

"రొప్పుతున్నావేంరా?"

"నువ్వు లావెక్కావు పెద్దమ్మా."

"మంచినీళ్ళు కూడా కొలిచి తాగేదాన్ని, లావెక్కడెక్కుతాన్రా!" అని నవ్వింది.

మళ్ళీ ఎత్తుకున్నాడు. నడుంలో కత్తి దించినట్టయింది. ఆవిడ ముఖం కనబడదు కాబట్టి చెప్పడం తేలికనిపించింది.

"పెద్దమ్మా, ఒక మాట."

"ఊఁ."

"నావల్ల కావడం లేదు. పూస జారిందట. ఎవర్నడిగినా రామంటున్నారు. ఏం చెయ్యాలో తోచడం లేదు పెద్దమ్మా."

ఆవిడ పలకలేదు. నొచ్చుకుందనుకున్నాడు. ఆరో అంతస్తు దాటాక, "ఏమీ అనుకోకు. ఇంకెవరైనా దొరికేదాకా నేనే మోస్తాలే," అన్నాడు. దానికీ పలకలేదు. ఏడో అంతస్తులో ముడి విప్పబోతే ఆవిడ తల అతని భుజం మీద నుంచి లేవలేదు.

తన మాట విని పోయిందా, వినకముందే పోయిందా? గోడకు తల కొట్టుకుంటున్న అతన్ని భార్య పట్టుకుంది.

పెద్దమ్మను కిందికి దించడానికి నలుగురూ వెంటనే వచ్చారు. వాళ్ళలో మోకాలి నొప్పి కుర్రాడూ ఉన్నాడు. "నువ్వుండన్నా, మేం చూసుకుంటాం," అన్నారు. అతను గోడ పట్టుకుని వాళ్ళ వెనకే దిగాడు.

నాలుగో అంతస్తు కుర్చీలో మందుల షాపు కవరు ఉంది. సాయంత్రం ఎక్కుతూ ఆగినప్పుడు పెద్దమ్మ అక్కడ పెట్టి మరిచిపోయింది. అందులో ఆవిడ మాత్రలూ, వాటి పక్కన మూత విప్పని నడుంనొప్పి మందు ట్యూబూ ఉన్నాయి.