మిగిలిన బోణీలు

బియ్యం ఏరుతున్నంతసేపూ సంపూర్ణమ్మకి కొండలమ్మే గుర్తొస్తోంది. చాటలో ఒక మట్టిగడ్డ, ఒక వడ్లగింజ, ఆ వెనకే కొండలమ్మ. చేపల బజారులో బుట్ట ముందు దర్జాగా కూర్చుని, "రండి బాబూ, కొల్లేటి కొర్రమీను, ఇంకా ఊపిరి పీలుస్తంది!" అని వీధి చివరికి వినపడేలా అరిచే ఆ మనిషి మీద తనకింత కుళ్ళు ఏమిటా అని ఆమెకే సిగ్గుగా ఉంది. సిగ్గుపడ్డంత మాత్రాన కుళ్ళు పోదు కదా.

అంతా ఎన్నికలతో మొదలైంది. భర్త బసవపున్నయ్య అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. చేపలమ్మే ఆడవాళ్ళు ఎండలో మాడిపోతున్నారనీ, తాను గెలిచినా ఓడినా చందాల్లో మిగిలిన డబ్బుతో వాళ్ళకి రేకుల షెడ్డు వేయిస్తాననీ మైకులో చెప్పాడు. ఆ మాట నమ్మి వాళ్ళు బోణీలు తీసి పక్కన పెట్టారు. పొద్దున్నే మొదటి బేరంలో వచ్చిన డబ్బుని వాళ్ళు ఎవరికీ ఇవ్వరు. కళ్ళకద్దుకుని, బుట్ట అడుగున ఐసు కరగకుండా పోసిన ఊకలో దాచుకుంటారు. అది చెయ్యి దాటితే ఆ పూట బేరం ఉండదని వాళ్ళ భయం. అలాంటి డబ్బుని కొండలమ్మ అందరి దగ్గరా పోగుచేసి, మూటకట్టి, మీటింగులో ఆయన చేతిలో పెట్టింది. ఆయన మూట పైకెత్తి, "ఇది మా చెల్లెలు కొండలమ్మ బోణీ!" అన్నాడు. ఆ చప్పట్లు పటమటలో వాళ్ళ పెరటిదాకా వినిపించాయి. అప్పుడు సంపూర్ణమ్మ కార్యకర్తల కోసం గుండిగలో చేపల పులుసు కలుపుతోంది.

ఎన్నికలన్నాళ్ళూ ఆ పొయ్యి ఆరలేదు. చేపలు తోమీ, మసాలా నూరీ, గుండిగలు దింపీ ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. ఒకనాడు సరదాకి అన్నట్టు, "నా పేరు కూడా ఒకసారి మైకులో చెప్పకూడదా?" అని అడిగింది. "ఇంట్లో అన్నం వండినందుకు మైకులో చెబుతారటే? నలుగురూ నవ్విపోతారు" అన్నాడాయన. అత్తగారు వత్తులు చేసుకుంటూ, "మేం వండలేదా తల్లీ? మాకెవరు దండలేశారు?" అంది. భోజనాల దగ్గర ఆయనకి మళ్ళీ కొండలమ్మ ఊసే. "ఏం గొంతు, ఏం ధైర్యం! అలాంటి ఆడది పక్కనుంటే చాలు" అంటాడు. పక్కనే నిలబడి చారు పోస్తున్న చెయ్యి ఎవరిదో చూడడు. కొండలమ్మ ఇచ్చింది అందరికీ కనపడింది. తను ఇచ్చింది విస్తళ్ళు ఎత్తేయగానే అయిపోయింది. ఇవ్వడానికి తనదంటూ ఒక డబ్బు ఉండటం, ఇచ్చాక పేరు వినపడటం... రాత్రి పడుకున్నాక కూడా ఆ మంట తగ్గేది కాదు.

ఆయన ఓడిపోయాడు. రెండు రోజులు దుప్పటి ముసుగు తీయలేదు. ఆ తర్వాత గవర్నర్‌పేట నుంచి రిక్షాలో ఫ్రిజ్ దిగింది.

"చందాల్లో మిగిలిందిలే" అన్నాడు మెల్లగా.

"షెడ్డు అన్నారు కదండీ?"

"ఓడినవాడికి షెడ్డేమిటే? నీకోసమేగా తెచ్చాను. ఎవరైనా అడిగితే మీ అన్నయ్య ఇచ్చాడని చెప్పు."

ఉయ్యూరు దగ్గర కౌలు చేసుకునే ఆ అన్నయ్యకి సొంత సైకిలు కూడా లేదు. ఫ్రిజ్‌ని వంటింటి మూలకి నెట్టి పాత దుప్పటి కప్పారు. అయినా, నిజం చెప్పాలంటే, సంపూర్ణమ్మ లోలోపల సంతోషపడింది. కొండలమ్మకి లేనిది తనకొచ్చింది. రోజూ దుప్పటి ఎత్తి, లోపలి సీసాలో నీళ్ళు నింపి, చల్లటి తలుపుకి చెంప ఆనించి నిలబడేది.

ఈ మధ్యాహ్నం, బియ్యం ఏరడం ఇంకా కాకుండానే, కొండలమ్మ వచ్చింది. ఖాళీ బుట్ట వసారా మెట్టు మీద దింపి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"షెడ్డెప్పుడేస్తారు బాబూ? ఎండలు ముదిరినయ్. మధ్యాన్నానికే చేప మెత్తబడిపోతంది."

"ఇంకెక్కడి షెడ్డు కొండలమ్మా! పైసా మిగల్లేదు" అన్నాడు బసవపున్నయ్య వాలుకుర్చీలోంచి.

తలుపు వెనక నిలబడ్డ సంపూర్ణమ్మకి, దేవుడా, హాయిగా అనిపించింది. బాగా అయింది. ఇప్పుడు ఎత్తమను ఆ గొంతు.

"జీపులా, మైకులా, పోస్టర్లా... కార్యకర్తల తిండికే సగం పోయింది" అంటున్నాడాయన.

"తిండికా? బియ్యం మిల్లోళ్ళు తోలారు, చేపలు మేం ఇచ్చాం. వండింది సంపూర్ణమ్మగారు. బుట్ట దింపడానికి పెరట్లోకొచ్చినప్పుడు చూశాగా, ఆ తల్లి చేతులు బొబ్బలెక్కిపోయినయ్. ఆయమ్మకేమన్నా కూలిచ్చారా బాబూ?"

ఏమే, కోడలా, వదినా, అమ్మా. ఆ ఇంట్లో ఆమెకి ఇన్ని పిలుపులున్నాయి. పేరు విని ఎన్నేళ్ళయిందో. అదీ ఎవరి నోట!

బసవపున్నయ్య పెద్దగా నవ్వాడు. "ఇంటావిడకి కూలేమిటి కొండలమ్మా! ఏమే, ఈమెకి కాసిని మంచినీళ్ళిచ్చి పంపించు."

సంపూర్ణమ్మ వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళకుండ మీద మూత తీసింది. గ్లాసు ముంచబోయి ఆగింది. మూత మళ్ళీ పెట్టేసి, దుప్పటి లాగి కింద పడేసింది.

ఆమె తెచ్చిన గ్లాసుకి బయటంతా చెమట పట్టింది. కొండలమ్మ అందుకుని ఒక గుక్క తాగి ఆగిపోయింది. గ్లాసులోకి తొంగిచూసింది. ఏళ్ళ తరబడి ఐసులో చెయ్యి పెట్టి బతికిన మనిషి.

"ఐసు ముక్క లేదు. ఊక వాసనా లేదు. ఇంత చల్లదనం ఎక్కడిదమ్మా?"

బసవపున్నయ్య కుర్చీలోంచి సగం లేచాడు. "అదీ... వాళ్ళ అన్నయ్య..."

"మా అన్నయ్యది కాదు కొండలమ్మా" అంది సంపూర్ణమ్మ. "మీ బోణీల్లో, నా వంటలో మిగిలింది. లోపల ఫ్రిజ్ ఉంది. మోయడానికి మీవాళ్ళని ముగ్గుర్ని పిలుచుకురా, ఒక పక్క నేను పడతాను."