మెట్ల సీనులో సంగీతం

కర్టెన్లు కుట్టే రోజుల్లోనే ఆమె సినిమాలు చూసేది. జిప్పులు మార్చేటప్పుడు, కాలర్లు తిప్పి కుట్టేటప్పుడు సూది మీద నుంచి కళ్లు తీయడానికి వీల్లేదు. అప్పుడు పాటలే. కర్టెన్ అంచు అలా కాదు. నాలుగు గజాల పొడవునా తిన్నగా సాగిపోయే కుట్టు. గుడ్డ దారి గుడ్డకే తెలుసు, వేళ్లు ఊరికే తోడు నడుస్తాయి. దారాల డబ్బాకు ఆనించిన ఫోనులో ఏ దేశానివో పాత దయ్యాల సినిమాలు నడుస్తూ ఉండేవి. ఆ భాషలు ఆమెకు రావు. తెర అడుగున వచ్చే అక్షరాలు చదువుకునేది.

చూశాక గ్రూపులో రెండు ముక్కలు రాసేది. గ్రూపు పేరు 'మూలపడ్డవి'. ఎవరూ చూడని సినిమాలు, ఎవరూ వినని పాటలు వెతుక్కునే పంతొమ్మిది మంది. ఒకరి మొహం ఒకరికి తెలియదు. అక్కడ ఆమె పేరు బొంగరం.

'ఈ దయ్యం పాపం బాగా అలిసిపోయింది, ఎవరైనా కుర్చీ వేస్తే బాగుండు.'

'ఈ పాట తడిసిన ఉన్ని కోటులా ఉంది. బరువే, కానీ విప్పబుద్ధి కాదు.'

ఇంట్లో ఆమె అభిప్రాయం అడిగేది ఉప్పు చాలిందా లేదా అన్నప్పుడే. అక్కడ మాత్రం 'బొంగరం గారు చూశారా, ఏమన్నారు?' అని అడిగి మరీ సినిమా మొదలుపెట్టేవాళ్లు.

ఆ గ్రూపులో గుడ్లగూబ అనే పెద్దమనిషి ఉన్నాడు. ఒకప్పుడు థియేటర్లో ప్రొజెక్టర్ నడిపినవాడట. భయపెట్టే సంగీతాల్లో మొదటి పదీ ఏవో తేల్చి జాబితా వేస్తున్నాడు. ఆమె ఒక నలుపు తెలుపు సినిమా పేరు చెప్పి ఇలా రాసింది: 'తెల్లగౌను ఆవిడ మెట్లెక్కే సీను. వెనక టకటకమని ఒకటే వాయిద్యం. ఆవిడతోపాటే ఎక్కుతుంది, మెట్ల మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. తలుపు ముందు ఆవిడ ఆగితే అదీ ఆగుతుంది. అంతకంటే మంచి సంగీతం నేను వినలేదు.'

గుడ్లగూబ మూడు కాపీలు తెచ్చి చూశాడు. మూడింటిలోనూ ఆ సీనులో ఏ శబ్దమూ లేదు. దాంతో గ్రూపంతా ఊగిపోయింది. సంగీతంతో సహా పోయిందని అందరూ అనుకున్న మొదటి కాపీ బొంగరం గారి దగ్గరే ఉందన్నారు. ఆ సంగీతం కోసం గుడ్లగూబ రెండు సినిమా లైబ్రరీలకు ఉత్తరాలు కూడా రాసేశాడు. ఆదివారం ఆ ముక్క పంపిస్తానని ఆమె మాటిచ్చింది. నాలుగు రోజులు ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆదివారం మధ్యాహ్నం. కిటికీలోంచి పడ్డ ఎండలో దారపు పోగులు తేలుతున్నాయి. ఏదో హోటల్ వాళ్ల లేత నీలం కర్టెన్లు గది నిండా పరుచుకుని, ఆమె నీళ్లలో కూర్చున్నట్టుంది. ఆడపడుచు టీ కప్పులతో లోపలికొచ్చింది. పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే ఉద్యోగం ఆమెది. నోరు ఊరుకోదు.

"ఏదీ, నీ దయ్యాన్ని చూపించు వదినా. నాలుగు రోజుల నుంచీ దాని గొడవే."

"కూర్చో. మాట్లాడకుండా చూడాలి మరి."

తెల్లగౌను ఆవిడ మెట్ల కింద నిలబడింది. వదిన అలవాటుగా గుడ్డ సూది కింద పెట్టింది. ఒక మెట్టు. టక. ఇంకో మెట్టు. టకటక. గోడ మీద నీడ కదిలింది. టకటకటక.

"వింటున్నావా? ఎలా ఉంది?" అంది వదిన గొంతు తగ్గించి.

ఆడపడుచు తెరను చూడటం లేదు. బల్ల కిందికి చూస్తోంది.

"వదినా, నీ కాలు చూసుకో."

"ఏం, నా కాలికేమైంది?"

"ఆవిడ మెట్టెక్కినప్పుడల్లా నువ్వు మిషన్ తొక్కుతున్నావు. ఒకసారి తీయి."

ఆమె కాలు తీసింది. తెల్లగౌను ఆవిడ ఎక్కుతూనే ఉంది. చప్పుడు లేదు. దూది మీద నడిచినట్టు ఎక్కి, తలుపు ముందు ఆగింది.

ఆడపడుచు పగలబడి నవ్వింది. టీ ఒలికి నీలం గుడ్డ మీద పడబోయింది. వదిన మొహం చూశాక నవ్వు ఆపుకుంది.

"అయ్యో, అలా మొహం పెట్టకు. ఫోను నీళ్లలో పడింది, కాపీ పోయిందని చెప్పెయ్. వాళ్లేమన్నా ఇంటికొచ్చి బీరువా వెతుకుతారా?"

"బొంగరానికి చెవులే లేవంటారే."

"అందుకే కదా చెప్పేది. నీళ్లలో పడింది. అయిపోయె."

ఆమె ఫోను తీసుకుని అలాగే రాసింది. పంపబోయి ఆగింది. ముసలాయన ఇంకా ఎన్ని ఉత్తరాలు రాస్తాడో. లేని సంగీతం కోసం ఏళ్లకేళ్లు వెతుకుతాడు. రాసిందంతా చెరిపేసింది.

'నా కాపీలోనూ ఏమీ లేదు. నేను కర్టెన్లు కుడుతూ సినిమాలు చూస్తాను. ఆ టకటక నా కుట్టు మిషను. ఇవాళే తెలిసింది. క్షమించండి.'

పంపేసి ఫోను బోర్లా పెట్టింది. ఒక అంచు పూర్తిగా కుట్టింది. ఆ ఎండలో గుడ్డ ఎంతకీ తరగలేదు. ఫోను నాలుగైదుసార్లు గుర్రుమంది.

"నాకు భయంగా ఉంది, నువ్వు చూడు."

ఆడపడుచు చూసింది. "ఇద్దరు నవ్వారు. ఒకామె, మిషన్ ఏ కంపెనీది అనడిగింది. నీ గుడ్లగూబ చాలాసేపు ఏదో రాస్తూనే ఉన్నాడు... ఇదిగో వచ్చింది. 'జాబితాలోంచి తీసేశాను. తప్పదు.'"

"తీసేయాల్సిందే," అంది ఆమె.

"ఉండు, ఇంకోటి. 'ఆవిడ ఆగకముందే, మలుపు దగ్గర కూడా చప్పుడు ఒక్క క్షణం ఆగిందని పోయినవారం రాశారు. అక్కడెందుకు కాలు తీశారు? ఆ మలుపు దగ్గర నాకెప్పుడూ ఏమీ కనపడలేదు.'"

ఆమె ఫోను అందుకుంది. మలుపు దగ్గర గోడ మీది నీడ తెల్లగౌను ఆవిడకంటే ముందే తిరుగుతుంది. అది చూసే తన కాలు మిషన్ మీద ఆగింది. ఈ సంగతి ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, తనకు కూడా. గుడ్డ పక్కకు తోసి రాయడం మొదలుపెట్టింది.